నేల తాకని యాక్సిలరేటర్

జూలై 1, మంగళవారం

చీపురుపల్లి దాటాక ఆ చిన్న ఎత్తు దగ్గర నా కారు మళ్లీ మూలిగింది. మూడో గేరు, రెండో గేరు... కదలనంటుంది. రోజూ విజయనగరంలో ఎక్కి రాజాంలో దిగే నలుగురు టీచర్లూ బిక్కచచ్చిపోయి కూర్చున్నారు. "దిగి తొయ్యమంటావేటి?" అంది లెక్కల మేడం. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను — నవ్వొచ్చి కాదు.

బడి బెల్లు వేళకి చేర్చాను. ఈ పూటకి.

జూలై 2, బుధవారం

మెకానిక్ ఏసుపాదం మావ షెడ్డు. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ ఊడదీశాడు. ఒక్కో రంధ్రానికీ మీటరు బిగించి కంప్రెషన్ చూశాడు — లోపల పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో అది చెబుతుంది. నేను సీట్లో. "యాక్సిలరేటర్ పెడలు తొక్కి సెల్ఫ్ కొట్టు." కొట్టాను.

వంద. తొంభై ఐదు. డెబ్బై. వంద.

నూట యాభై దాటాలట.

మావ మీటరు తుడుస్తూనే ఉన్నాడు. "మూడు లచ్చల కిలోమీటర్లు తిరిగినాది. ఇంకెంతకని లాగుతాదే అమ్మీ? ఇంజిన్ అయిపోనాది. ఎవులికైనా ఇచ్చీ."

ఈ కారులోనే నాకు డ్రైవింగ్ నేర్పిన మనిషి. ఆయనే "ఇచ్చీ" అంటే ఏడుపొచ్చింది.

జూలై 3, గురువారం

కారు అమ్మేస్తున్నానని టీచర్లకు చెప్పేశాను. సోమవారం నుంచి వేరే బండి చూసుకుంటారట. నేను మళ్లీ బట్టల షాపులో నిలబడి చీరలు మడతపెట్టాలి. ఆరేళ్లు పెట్టాను. చాలు.

జూలై 4, శుక్రవారం

రేపు కారు చూడ్డానికి ఎవరో వస్తారు. పెళ్లిచూపులకి ముస్తాబు చేసినట్టు కడిగాను. మ్యాట్లు బయటికి తీశాను. నా మడమ ఆనే చోట గుంట పడిపోయింది. యాక్సిలరేటర్ కింద మాత్రం... రబ్బరు కొత్తదానిలాగే ఉంది! ఇన్నేళ్లలో ఆ పెడలు ఒక్కసారీ నేల తాకలేదు.

నేర్పేటప్పుడు మావ — "దాని కింద కోడిపిల్ల ఉన్నాదనుకో. సావకూడదు."

మరి మొన్న?

ఫోన్ చేశాను. "మావా, మీటరు పెట్టినప్పుడు పెడలు పూర్తిగా తొక్కాలా?"

"నువ్వు తొక్కలేదేటి?"

"కొంచెం తొక్కాను."

"ఓలమ్మో! మరి గాలి లోపలికెలా ఎల్తాదే!" తిట్టాడు. తర్వాత ఒకటే నవ్వు. "నీ జన్మలో నా మాట ఇన్నది ఇదొక్కటే."

జూలై 5, శనివారం

చూడ్డానికి వస్తానన్నాయన్ని రావద్దన్నాను. మళ్లీ షెడ్డు. చెప్పులు విప్పి, కళ్లు మూసుకుని, అడుగంటా తొక్కాను. పాపం, కోడిపిల్ల.

నూట అరవై! నూట యాభై ఐదు! నాలుగోది నూట అరవై! మూడోదే — నూట పది.

మావ మూడో రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోశాడు. ఇప్పుడు అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు, ఇంజిన్ మొత్తం విప్పాలి. పెరగకపోతే వాల్వు చెడినట్టు, ఇంజిన్‌కి పైమూత లాంటి హెడ్డు ఒక్కటి దించితే చాలు. పెరగకూడదు ప్రభువా అని ప్రార్థించాను. ఇలాంటి ప్రార్థన ఎప్పుడూ చేయలేదు.

నూట పదే.

"వాల్వే!" మావ కేక. మధ్యాహ్నానికల్లా హెడ్డు దించేశాడు. వాల్వు అంచు కాలి, ఇంత ముక్క ఎగిరిపోయి ఉంది. అంత చెడిపోయిన వస్తువుని చూసి అంత సంతోషించడం ఇదే మొదలు.

జూలై 6, ఆదివారం

చర్చి నుంచి నేరుగా షెడ్డుకి. కొత్త వాల్వుని దాని గూట్లో పెట్టి చేత్తో తిప్పి తిప్పి అరగదీస్తున్నాడు మావ. "అమ్మీ, తొందరపెట్టకు. ఇది సక్కగా కూకోవాల."

లెక్కల మేడం ఫోన్. వాల్వు మారిస్తే చాలని నిన్నే చెప్పి ఉంచాను. "రేపు నీ బండి వస్తాదా, రాదా? ఆ వేరే బండి డ్రైవరు అడుగుతన్నాడు."

"వస్తాది మేడం. ఏడింటికి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఉండండి. నలుగురూ."

మావ పని ఆపి నా మొహం చూశాడు. నేను ఆయన మొహం చూడలేదు.

సాయంత్రం నాలుగైంది. కారుకి ఇంకా హెడ్డు లేదు.