అమ్మ కూర్చోని చూడని కారు

మహేశ్వరక్కా, బాగుండావా?

అమ్మకని పాత సెడాన్ కారు కొనేసినా. మెకానిక్‌తో ఇంజన్ చూపించినా, టైర్లు తన్ని చూసినా, ఆదోని నుంచి హొళగుంద దాకా తోలి చూసినా. వంక పెట్టేదానికి లేదు. నా తెలివికి నేనే మురిసిపోయినా.

ఇంటికి తెస్తే, సీటు మరీ కిందికుంది. కూర్చున్న అమ్మ మోకాళ్ళ నొప్పికి లేయలేకపాయ. నేను, నీ మరదలు చెరో చెయ్యి పట్టి లాగినాము.

"దుకాణంలో చీర భుజం మీద వేసి చూపించందే ఎవరికీ ఇయ్యవు. నన్నొకసారి కూర్చోబెట్టి చూడాలని తోచలేదేమప్పా?" అనింది.

ఎమ్మిగనూరులో బావ చూసిన ఎత్తు సీటు కారును చూసి నేను నవ్వినా గదా, దాన్ని ఆపి పెట్టమను. రేపు అమ్మే వచ్చి కూర్చోని చూస్తాదంట. బస్సులోనే వస్తాది. ఆమె సంచి మాత్రం నా కారులో దర్జాగా వస్తాది.

నీ తెలివైన తమ్ముడు