ఉతికాక కాల్చాలి

మార్చి 3
బావ సరుకు వచ్చింది. పిల్లల నైట్‌గౌన్లకని తెప్పించిన పాలిస్టర్, దాని నిండా బాతుబొమ్మల ప్రింట్. కంటైనర్‌ని పోర్టులో ఆపి, మంట అంటుకుంటుందో లేదో చూడమని శాంపిల్ మా ల్యాబ్‌కి పంపారు. సరిగ్గా నా బల్ల మీదికి!

నాన్న పోయిన నెలకే నన్ను బట్టలకొట్టులోంచి చెయ్యి పట్టుకుని గెంటిన మనిషి. అక్క గుడ్లప్పగించి చూసిందే తప్ప మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. ఆ కొట్టులో నాన్న పక్కన గజంబద్ద పట్టుకుని పెరిగిందాన్ని నేను.

మార్చి 4
చుట్టాల సరుకైతే ముందే మేనేజర్‌కి చెప్పాలని రూల్. చెబితే ఫైలు వేరేవాళ్ళకి పోతుంది. నోరు మెదపలేదు.

మార్చి 5
మంట పెట్టాను. అంటుకోలేదు. అంచు కాస్త నల్లబడి ఆరిపోయింది. ఏడుపొచ్చింది. ఆ గుడ్డని నోటికొచ్చినట్టు తిట్టాను.

అయినా ఇది సగం టెస్టే. ఇలాంటి బట్టకి మంట అంటకుండా మందు పూస్తారు. మంచి మందైతే ఉతికినా పోదు. అందుకే ఉతికి, ఆరబెట్టి మళ్ళీ కాల్చాలి. కొన్ని ల్యాబుల్లో ఉతకడం ఎగ్గొట్టి సంతకం పెట్టేస్తారు. బావ సరుక్కి నేను ఎగ్గొడతానా? వాషింగ్ మెషీన్ ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

మార్చి 9
భగ్గుమంది! గుడ్డ కరిగి బొట్లుబొట్లుగా కారింది. ఫెయిల్ అని నా చేత్తో రాశాను. ఎంత హాయిగా ఉందో. పట్టలేక పక్క సీటు అమ్మాయికి చెప్పేశాను, అది మా బావ సరుకే, ఇక చూడు వాడి తిక్క ఎలా కుదురుతుందో అని.

మార్చి 12
ఆ అమ్మాయి ఇంకొకరికి, వాళ్ళు మేనేజర్‌కి. ఆయన పిలిచి, గుడ్డ కాలిందేమో గానీ నీ రిపోర్ట్ చెల్లదమ్మా అన్నాడు. నిజమే రాశాను మొర్రో అన్నా వినలేదు. కొన్నాళ్ళు ఇంట్లో ఉండమన్నాడు. అంతా నా నోటిదూల.

మార్చి 20
వేరే ల్యాబ్‌లో పాసైందట, అప్పుడే గౌన్లు కూడా కుట్టించేశారట. ఉతికారా అని ఫోన్ చేసి అడిగాను. కట్ చేశారు.

సాయంత్రం అక్క ఫోన్. పిల్లకి మీ బావ బాతుల గౌను తెచ్చాడే, భలే ముద్దుగా ఉంది అంది. తొడగకు, రెండుసార్లు ఉతికితే అది ఒట్టి చితుకే అన్నాను. నీ కక్ష నా కూతురి గౌను మీద కూడానా అని పెట్టేసింది.

ఇంతకుముందు వాడి మీద కోపం. ఇప్పుడు భయం కూడా. రెండూ కలిస్తే నిద్ర రాదు.

మార్చి 23
కొట్టుకెళ్ళాను, కస్టమర్‌లా. బావ లేడు. గౌను కొన్నాను. ఉతికాను. ఆరేశాను. మళ్ళీ ఉతికాను.

మార్చి 28
కొట్టు ముందు, నడిరోడ్డు మీద, గౌనుని కర్రకి తగిలించి అగ్గిపుల్ల గీశాను. బేరానికొచ్చినవాళ్ళంతా చూశారు. బావ అరుస్తూ బయటికొచ్చేసరికి కర్రే మిగిలింది.

అక్క పిల్లని చంకనేసుకుని కొట్టు మీది ఇంట్లోంచి దిగింది. పిల్ల ఒంటి మీద ఆ బాతుల గౌను లేదు. అక్క లోపల్నుంచి షట్టర్ దించి తాళం వేసుకుంది. బావ ఇంకా బయటే ఉన్నాడు.