కాలువ అర్జీకి నీ పటం

బావా,

నీ సంవత్సరీకం నాటికి ఆఫీసు కదిలింది. పక్కచేనువాడు కాలువ పూడ్చేసి నీ చెరకు ఎండగట్టాడని, సోమవారం సోమవారం కశింకోట నుంచి ఆటోలో కలెక్టరాఫీసుకి వెళ్లి అర్జీ ఇచ్చేవాడివే, దానికి. గడువులోగా అర్జీ మూయకపోతే ఇప్పుడు ఉద్యోగులకి మెమోలట. అందుకే ఉద్యోగి ఇంటికే వచ్చాడు. కాలువ వైపు మాత్రం తొంగిచూడలేదు.

"అర్జీదారుతో ఫొటో యాప్‌లో ఎక్కించాలమ్మా."

"ఆయన పోయి ఏడాది అయిపోనాది బాబూ," అంది అక్క.

"పటం ఉంటే సాలమ్మా."

గోడ మీంచి నీ పటం దింపించి, దండ తీయించి, పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు. ఈ ఘనకార్యం పేరు జవాబుదారీతనమట!

"మరి కాలవో?" అన్నాను.

"అర్జీ క్లోజయిపోనాదండి."

అతని ఫోన్లోకి తొంగిచూశాను. 'అర్జీదారు సంతృప్తి చెందారు' అని ఉంది.

పటంలో నవ్వుతున్నావు కదా బావా, అదే సాక్ష్యం.