డబ్బా వెనక సన్న అక్షరాలు

మార్చి 4, మంగళవారం

క్యారియర్ ఎలా వెళ్ళిందో అలాగే తిరిగొచ్చింది. మూత తీసి చూస్తే గుమ్మడికాయ సూప్ మీద పొర కట్టి ఉంది. మీగడ మాత్రం కాదు. జనవరి నుంచి మా ఇంట్లో పాలచుక్క లేదు.

ఆకలి వేయలేదా అని మా ఆవిడని అడిగాను. టైమ్ ఎక్కడిదండీ, కప్పు సూప్ తాగేశాను, వేడినీళ్లు పోస్తే మూడు నిమిషాలు, అంది. నా సూప్‌కి గంటన్నర పడుతుంది. పోలిక నేను పెట్టలేదు. ఆవిడే పెట్టింది.

ఆవిడది బట్టలు సరిచేసే షాపు. ప్యాంట్లు పొట్టి చేస్తుంది, నడుములు వదులు చేస్తుంది, జిప్పులు మారుస్తుంది, ఆర్డరు వస్తే యూనిఫారాలూ కుడుతుంది. మనుషులు లావెక్కినా చిక్కినా ఆవిడకి పనే. నేను ప్రెస్సులో రిటైరై ఏడేళ్లు. అప్పటి నుంచి నా ఉద్యోగం ఒక్కటే. పదిహేను నిమిషాలు నడిచి, పన్నెండున్నరకల్లా క్యారియర్ షాపుకి చేర్చి, మిషన్ పక్కన నీలం స్టూలు మీద కూర్చుని, ఆవిడ తింటున్నంతసేపూ కబుర్లు చెప్పడం. జీతం లేదు, సెలవు లేదు, ప్రమోషన్ లేదు. అయినా ఇంత ఇష్టంగా ఏ ఉద్యోగమూ చేయలేదు.

ఇవాళ ఆ స్టూలు మీద కప్పు సూపుల అట్టపెట్టె ఉంది. నిలబడి వచ్చేశాను.

మార్చి 5

అట్టపెట్టె అలాగే ఉంది.

మార్చి 9, ఆదివారం

ఈ పాల గొడవ ఎలా మొదలైందో రాసి పెట్టుకోవాలి.

జనవరిలో ఒక డెయిరీ ఫారమ్ వాళ్లు పనివాళ్లకి యూనిఫారాలు కుట్టమన్నారు. ముప్ఫై ఒక్క మందికి కొలతలు తీసుకోవడానికి ఆవిడ టేపు మెడలో వేసుకుని వెళ్ళింది. సాయంత్రం వచ్చి, టీలో పాలు పోయబోతుంటే గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది. నాకిక పాలు వద్దండీ, పెరుగూ వెన్నా కూడా వద్దు, అంది. ఏమైంది అన్నాను. ఏం లేదు అంది.

నలభై నాలుగేళ్ల కాపురంలో ఆవిడ ‘ఏం లేదు’ అన్న ప్రతిసారీ ఏదో ఉంది. అయినా రెండోసారి అడగలేదు. చెప్పడం వచ్చినంతగా అడగడం రాదు నాకు.

వంట మాత్రం మార్చాను. నా సూప్‌కి ప్రాణం పాలు. అవి తీసేసి, రుచి కోసం కూరగాయల క్యూబులు రెండు వేయడం మొదలుపెట్టాను. డబ్బా మీద క్యారెట్టు బొమ్మ చూసి కొన్నాను. బాగానే కుదిరింది. మొదటి నెలంతా వేలు నాకి మరీ తిన్నది.

తర్వాత పక్క షాపులోకి వాచీలాయన దిగాడు.

మార్చి 12, బుధవారం

వాచీలాయన గురించి.

అరవై ఏళ్లుంటాయి. భార్య పోయి చాలా కాలమైంది. కంటికి భూతద్దం బిగించుకుని రోజంతా చిన్న చిన్న చక్రాల పళ్లు చూస్తుంటాడు. ఐదేళ్లుగా పాలు, గుడ్లు, మాంసం, తేనె ఏవీ ముట్టడట. వంట రాదు. బతుకంతా పాకెట్ల మీదే. ఫ్రీజర్లోంచి తీసి వేయించుకునే సోయా కట్‌లెట్లు, ఓట్స్ పాలు, జీడిపప్పు చీజ్, కప్పు సూపులు. ఏ హోటల్లో అడిగితే వెన్న లేకుండా చేస్తారు, ఏ హోటల్లో తలూపి వెన్నలోనే వేయిస్తారు, అన్నీ నోటికి వచ్చు. మా ఆవిడకి కావలసిన చదువంతా ఆయన దగ్గరుంది.

మొదటి రోజే ఆవిడని అక్కయ్యా అన్నాడు. నన్ను బావగారూ అన్నాడు. ఈ వయసులో నాకు అడక్కుండానే బావమరిది పుట్టుకొచ్చాడు. అక్కయ్యా అని పిలిచేవాడి మీద అనుమానపడటానికైనా వీల్లేదు. ఆ దారి కూడా మూసేశాడు మహానుభావుడు.

ఇవాళ తన టీ పొడితో పాటు ఒక తెల్లపొడి డబ్బా కూడా తెచ్చి ఇచ్చాడు. పాలు లేకుండానే టీ తెల్లగా వస్తుందట. చెంచాడు వేసి తిప్పి ఇచ్చాడు. ఆవిడ ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది. అబ్బ, రెండు నెలలైంది తమ్ముడూ ఇలాంటి టీ తాగి, అంది.

తమ్ముడూ.

మార్చి 15, శనివారం

ముగ్గురం భోజనానికి వెళ్లాం. పిలిచింది తమ్ముడుగారే. బావగారు రాకపోతే ఎలా అన్నాడు. ఏనుగుని కొన్నవాడు అంకుశం కూడా కొంటాడు కదా, అలా నన్ను కూడా పట్టుకెళ్లారు.

ఆయన జేబులో ఒక కార్డు ఉంటుంది. పాలు, వెన్న, పెరుగు, జున్ను, గుడ్లు, తేనె వద్దు అని చేత్తో రాసి ప్లాస్టిక్ కవరు వేయించుకున్నాడు. సర్వర్‌తో వాదన లేదు, కార్డు లోపలికి పంపిస్తాడు. వంటాయన బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, మీకు వేరే పెనం పెడతాను సార్ అన్నాడు. మా ఆవిడ అది చూసి, నాకూ అలాంటిది ఒకటి రాసిపెట్టు తమ్ముడూ అంది.

నలభై ఒక్క ఏళ్లు నేను లేబుళ్ల ప్రెస్సులో కంపోజిటర్ని. బడికి వెళ్ళింది నాలుగేళ్లే. మిగతా చదువంతా ఊరగాయ సీసాలు, దగ్గుమందులు, బిస్కెట్లు, ఎలుకల మందు డబ్బాల మీద అక్షరాలు పేర్చి నేర్చుకున్నదే. ఆ కార్డు మీద అక్షరాలు ఒకటి ఇటు పడుకుంది, ఒకటి అటు లేచింది. వరసకీ వరసకీ మధ్య ఎడం లేదు. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. ఆవిడ ఆయన్ని అడిగింది.

అన్నం సహించలేదు.

మార్చి 18, మంగళవారం, మధ్యాహ్నం

దొరికింది.

స్టూలు మీద అట్టపెట్టె, దాని మీద ఆ తెల్లపొడి డబ్బా. జరిపి కూర్చుందామని డబ్బా ఎత్తాను. ముందు వైపు వేలెడంత అక్షరాలతో ‘నాన్ డెయిరీ’. అలవాటు కొద్దీ వెనక్కి తిప్పాను. వెనక చీమ తలకాయలంత అక్షరాల్లో, నాలుగో వరస చివర: సోడియం కేసినేట్.

నా చేత్తో వందసార్లు పేర్చిన మాట అది. కేసీన్ అంటే పాలల్లోని సత్తువ. పాలు విరగ్గొట్టి తీస్తారు. మా ప్రెస్సులో సీసాలకి లేబుళ్లు అంటించే బంక కూడా దాంతోనే చేసేవాళ్లు. వానాకాలంలో ఆ బంక బకెట్టు పులిసిన పెరుగులా కంపు కొట్టేది. మా ఫోర్‌మన్ ముక్కు మూసుకుని, ఏ తల్లి పాలో, చివరికి సీసాకి అతుక్కున్నాయి అనేవాడు. ఆయన తాగినప్పుడు వేదాంతి, తాగనప్పుడు రాక్షసుడు. ఆ కథ ఇంకోసారి.

రోజంతా అద్దం బిగించుకుని గడియారాల పేగులు లెక్కపెట్టే మనిషి ఐదేళ్లుగా ఈ డబ్బా వెనక్కి తిప్పలేదు.

ఆవిడ సెక్యూరిటీ గార్డుల యూనిఫారాలకి ఆఖరి కాలరు కుడుతూ తలెత్తింది. ఏంటండీ అంతలా చూస్తున్నారు, అక్షరాలు బాగున్నాయా, అంది.

బాగున్నాయి అన్నాను.

మార్చి 19

చెప్పలేదు.

మార్చి 20, గురువారం

ఎందుకు చెప్పలేదో రాస్తాను. షాపులో, జిప్పులు దారపుండల మధ్య చెబితే, అయ్యో అలాగా అని డబ్బా పక్కన పడేస్తారు. అంతటితో సరి. దానికి తగిన చోటు కావాలి. 29న ఆయన మళ్లీ భోజనానికి పిలిచాడు. ఆ కార్డు బయటికి తీస్తాడు కదా, అప్పుడు.

ఆవిడ నా ఎదురుగానే రెండో కప్పు తాగింది.

మార్చి 22, శనివారం

ఆవిడ బొత్తాల కోసం వెళ్ళింది. నేనూ వాచీలాయనా మిగిలాం. మాటల్లో మాటగా ఆయన, అక్కయ్యకి ఆ ఆవు అరుపు ఇంకా వినిపిస్తూనే ఉందట బావగారూ, పాపం, అన్నాడు.

ఏ ఆవు అని అడగలేదు. ఆఁ అన్నాను. ఆయన చెప్పుకుంటూ పోయాడు. ఆ రోజు డెయిరీలో కొలతలు తీస్తున్నంతసేపూ రేకు గోడ అవతల ఒక ఆవు అరుస్తూనే ఉందట. దూడని బండి ఎక్కించేశారట. ఇరవై నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి చేతి పొడవు తీసుకెళ్ళి ఛాతీ గడిలో రాసిందట. ముప్ఫై ఏళ్ల పనిలో అక్కయ్యకి అదే మొదటి తప్పట కదా, మీకు చెప్పే ఉంటుంది, అన్నాడు.

చెప్పింది అన్నాను.

నాకు చెప్పిన మాట ‘ఏం లేదు’. ఆవు, రేకు గోడ, ఇరవై నాలుగో మనిషి అన్నీ ఈయనకి. ఈయన అడిగి ఉంటాడు. అంతే తేడా. అది నాకు తెలుసు. తెలిస్తే మంట తగ్గుతుందని ఎవరన్నారో గానీ, తగ్గలేదు.

ఆ టీ కప్పులో ఏముందో ఇప్పుడు నాకు ఇంకా బాగా తెలుసు. ఆవిడ రాగానే చెప్పాలి. ఆవిడ వచ్చింది. బొత్తాలు దొరికాయా అన్నాను.

మార్చి 26

రోజుకి రెండు కప్పులు.

మార్చి 29, శనివారం, సాయంత్రం నాలుగు

అయిపోయింది.

కొత్త హోటలు. వంటగదిలో వెన్న అన్నదే లేదట, బోర్డు పెట్టుకున్నారు. షాపులోంచి తెచ్చిన తెల్లపొడి డబ్బా గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్ళాను. సంచి ఎందుకండీ అని ఆవిడ అడిగితే కూరగాయలకి అన్నాను. పుట్టగొడుగుల రోస్టు, బాదంపాలతో చేసిన పుడ్డింగు వచ్చాయి. వాచీలాయన కార్డు తీయబోయి, ఇక్కడ దీంతో పనిలేదు అక్కయ్యా అని నవ్వి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. నేను అనుకున్న చోటు అది కాదు. అయినా ఆగలేకపోయాను. డబ్బా తీసి బల్ల మధ్యలో పెట్టాను, వెనక వైపు ఆయనకి కనబడేలాగా. నాలుగో వరస చివర చదవండి బావమరిదిగారూ అన్నాను. కేసీన్ గురించి చెప్పాను. బంక బకెట్టు గురించి కూడా చెప్పాను. బాగా చెప్పాను. ఏళ్ల తరబడి ఇంత బాగా ఏదీ చెప్పలేదు.

ఆయన జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. చాలాసేపు చదివాడు. అద్దం తీసి మడత గుడ్డలో చుట్టాడు. ఐదేళ్లు, అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, చెప్పినందుకు థాంక్స్ బావగారూ అన్నాడు. వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు.

మా ఆవిడ ఆయన్ని చూడలేదు, డబ్బానీ చూడలేదు. మీరెప్పుడు చూశారు, అని అడిగింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మంచినీళ్ల గ్లాసు అందుకున్నాను.

కాలరు కుడుతున్న రోజు కదూ, అంది. అక్షరాలు బాగున్నాయన్నారు.

పుడ్డింగు ఎవరూ ముట్టలేదు.

మార్చి 30, ఆదివారం

నిన్నటి నుంచి ఒక్క మాటే అంది. ఉతికిన బట్టలు మడతపెడుతూ, గొంతు పెంచకుండా.

నేను తాగుతుంటే చూస్తూ కూర్చున్నారు కదండీ.

ఏప్రిల్ 2, బుధవారం

క్యారియర్ పట్టుకెళ్లడం లేదు. ఆవిడ పొద్దున్నే బ్రెడ్డు, వేరుశనగ ముద్ద తనే కట్టుకుని వెళుతోంది. పన్నెండున్నర అవుతుంది. చెప్పులు వేసుకుంటాను. విప్పుతాను.

సాయంత్రం వాచీలాయనే ఇంటికి వచ్చాడు. తిడతాడనుకుని కుర్చీలో సర్దుకున్నాను. తిట్టలేదు. కార్డు బల్ల మీద పెట్టి, ఇందులో కేసినేట్ కూడా చేర్చాలి బావగారూ, నా రాతకి చోటు చాలడం లేదు, మీరైతే పట్టిస్తారు, అన్నాడు. పట్టించాను. పాలలోంచి వచ్చే మారుపేర్లు నాకు గుర్తున్నవి తొమ్మిది. అన్నీ వరసగా, సమంగా ఎడం ఇచ్చి రాశాను. ఆయన కార్డు దూరంగా పట్టుకుని చూశాడు. అచ్చు వేసినట్టుంది అన్నాడు.

నా ఈర్ష్యకి కాళ్లు విరిగాయి. చచ్చిందని మాత్రం రాయను. వెళ్లేటప్పుడు, అక్కయ్యకి కోపం కాదు బావగారూ, భయం వేసింది అన్నాడు. అదీ ఆయనకే చెప్పింది.

గుమ్మం దాటబోతుంటే ఈసారి నేను అడిగాను. దేనికి భయం అని.

మీరు ఇంకేం చూసి ఊరుకున్నారో అని, అన్నాడు.

ఏప్రిల్ 6, ఆదివారం

ఆ ఆవు గురించి ఆవిడనే అడిగాను. పప్పు ఏరుతూ ఉంది. చెయ్యి ఆగింది. ఇప్పుడా అడిగేది, అంది. ఇప్పుడే చేతనైంది అన్నాను. చెప్పింది. వాచీలాయన చెప్పిందే. కానీ ఒకటి ఎక్కువ. బండి వెళ్లిపోయాక ఆవు అరవడం ఆపేసిందట. అరుపుకంటే అదే బాగాలేదట.

మధ్యలో నేను ఏ కథా చెప్పలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

పడుకోబోతూ, రేపు సూప్ తెండి, గుమ్మడికాయది, అంది.

ఏప్రిల్ 9, బుధవారం

10.20. గుమ్మడికాయ ఉడుకుతోంది. క్యూబుల డబ్బా చేతిలోకి తీసుకుని, క్యారెట్టు బొమ్మని అటు తిప్పాను. ఐదో వరస. వే పౌడర్. పాలు విరిగాక మిగిలే తేట, ఎండబెట్టిన పొడి. జనవరి నుంచి నేనే వేస్తున్నాను. ఆ రెండు క్యూబుల సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

10.22. స్టవ్ ఆపాను.

10.40. చెప్పాను. క్యారియర్ లేకుండా వెళ్ళి, డబ్బా చేతికిచ్చి, పది ఇరవైకి చూశాను అన్నాను.

ఆవిడ డబ్బా చదవలేదు. గోడ గడియారం చూసింది. స్టూలు మీది అట్టపెట్టె తీసి కింద పెట్టింది.