కంటికి మంచిదన్నారని

సెప్టెంబర్ 9
మా ఆయన ఓడ్‌మండ్‌ని బెర్గెన్ పట్నం తీసుకెళ్లాను. ముప్పై ఏళ్లు చేపల పడవ నడిపిన మనిషి, కంటి డాక్టరమ్మ చూపించిన బోర్డు మీద పై అక్షరం దగ్గరే ఆగిపోయాడు. నడిమధ్య చూపు పోతోందట. అంచుల్లో కాస్త మిగులుతుందట. తిండి ఏం పెట్టాలని అడిగాను. నూనె ఎక్కువుండే చేపలు కంటికి మంచివి, వారానికి రెండుసార్లు పెట్టమంది. పోయిన చూపు మాత్రం తిరిగి రాదని కూడా అంది.
నేను మొదటి మాటే విన్నాను.

సెప్టెంబర్ 14
హెర్రింగ్ చేపలు, కానగంతలు, మళ్లీ హెర్రింగ్. రెండుసార్లు మంచిదైతే ఏడుసార్లు ఇంకా మంచిదే కదా.

అక్టోబర్ 3, ఉదయం 7
ముళ్లు తీస్తుంటే ఆయన కిటికీ వైపు తిరిగి అన్నాడు: "ఇంగ్విల్డ్, ఇవాళ లైట్‌హౌస్ కాస్త తేటగా ఉందే!"
ఏడ్చేశాను. చేపల కొట్టు సిగ్నేకి ఫోన్ చేశాను. ఇంకేం, రేపట్నుంచి మీ పిల్లి కూడా పేపర్ చదువుతుందని ఎగతాళి చేసింది. మంచి కానగంతలు నాకోసం పక్కన పెడతానంది.

అక్టోబర్ 20
రోజూ ఏదో ఒకటి కనబడుతోందంటాడు. నిన్న సిగ్నే మెడలో గొలుసు. ఇవాళ నా జుట్టులో నెరుపు. డాక్టర్లకేం తెలుసు!

నవంబర్ 8
ఫెర్రీ రేవులో ఆయన్ని నిలబెట్టి రొట్టె కొనడానికి వెళ్లాను. తిరిగొచ్చి ఎదురుగా నిలబడ్డాను. మూరెడు దూరం. నవ్వాను. ఆయన టోపీ తీసి, "ఏమ్మా, మా ఆవిడ ఇటు వచ్చిందేమో చూశారా? కాస్త పొట్టిగా ఉంటుంది, గోధుమరంగు కోటు" అన్నాడు.
ఆ కోటులోనే ఉన్నాను నేను.
చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి ఎవరిదో తెలిసి ఆయన మొహం పాలిపోయింది.

అదే రోజు, సాయంత్రం
మరి లైట్‌హౌస్ మాటేమిటని అడిగాను.
"అది ఎక్కడుంటుందో నాకు తెలీదా? నువ్వేమో ముళ్లన్నీ తీసి, పళ్లెం ముందు పెట్టి, నా మొహంలోకే చూస్తూ కూచుంటావు. ఏం చెప్పమంటావే?"
జుట్టు నెరుపు గురించి అడగలేదు.

నవంబర్ 9
పొయ్యి వెలిగించలేదు. మధ్యాహ్నం ఆయనే అడిగాడు, హెర్రింగ్ లేదా అని. ఇక అబద్ధం ఆడక్కర్లేదు కాబట్టి హాయిగా తింటాడట. వండాను. ఉప్పు ఎక్కువైంది. ఇద్దరం తిన్నాం.

నవంబర్ 17
ఇవాళ కళ్లు గట్టిగా మూసుకుని మంచం దగ్గర్నుంచి వంటింటి దాకా నడిచాను. రెండుసార్లు గోడకు గుద్దుకున్నాను. ఆయన లేచి వచ్చి, నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు.