గరాటు కొలత

ఫిబ్రవరి 3, సోమవారం

మళ్లీ పనిలో చేరాను. కట్టుడు పళ్లు చేసే ల్యాబ్ మాది. నేను కొలతలు చూసి మైనంతో పన్ను చెక్కుతాను. పక్క బల్ల పెద్దాయన వాటికి రంగులు దిద్దుతారు. నాలుగేళ్లుగా పక్కపక్కనే కూర్చుంటున్నాం, మాట్లాడుకున్నది మాత్రం తక్కువ. పాపకి పంపుతో పాలు తీసి పెట్టుకోవడానికి చోటు అడిగితే ఓనర్ అచ్చుల గది చూపించాడు. సుద్ద బస్తాలు, ఒక స్టూలు. తలుపుకి గడియ ఉంది, అదే పదివేలు.

పాపకి పై పెదవి, అంగిలి చీలి ఉన్నాయి. పుట్టుకతోనే. రొమ్ము పట్టినా చీకలేదు, గాలి నిలవదు. పంపుతో తీసి ప్రత్యేకమైన సీసాతో పట్టాలి. ఇందులో ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. అత్తయ్యకి మాత్రం నేను ఓపిక పట్టడం లేదనే అనుమానం. నాలుగుసార్లు అందిస్తే అదే నేర్చుకుంటుందే అంటుంది. పగలంతా పాపని చూసుకునేది ఆవిడే కాబట్టి నేను ఎదురు చెప్పను.

పంపు పెట్టినంతసేపూ పళ్లు బిగించుకుని కూర్చున్నాను.

ఫిబ్రవరి 4

నేను గదిలోకి వెళ్లి తలుపు వేయగానే పెద్దాయన ట్రిమ్మర్ ఆన్ చేస్తున్నారు. నిన్న పంపు మొదలెట్టిన కాసేపటికి వేశారు. అచ్చుల అంచులు అరగదీసే మెషిన్ అది. చెవులు గింగురుమంటాయి. నా పంపు చప్పుడు ఆయనకి చిరాకేమో.

ఫిబ్రవరి 8, శనివారం

పాప బరువు పెరగలేదు. పెదవి ఆపరేషన్‌కి మత్తు ఇవ్వాలంటే బరువు పెరగాలి. డబ్బాపాలు కలిపినా పరవాలేదని డాక్టరమ్మ అంది. తెలుసు, కలుపుతూనే ఉన్నాం. కానీ ఆ సీసాలో కాస్తయినా నాది ఉండాలి. నా దగ్గర్నుంచి పాపకి చేరేది అదొక్కటే అనిపిస్తుంది.

ఇవాళ పాలలో సన్నగా గులాబీ రంగు చార. చనుమొన చిట్లింది. మా ఆయనకి చూపించాను. ఆయనది రాత్రి షిఫ్టు. నేను ఇంటికి చేరేసరికి బూట్లు వేసుకుంటూ ఉంటాడు. డాక్టర్‌ని అడుగు అన్నాడు. విసుక్కోలేదు, పాపం. వెళ్తూ వెళ్తూ నా తల మీద చెయ్యి పెట్టి తీసేశాడు.

ఫిబ్రవరి 10

మందుల షాపుకి వెళ్లాను. రొమ్ముకి పెట్టుకునే ఆ గరాటుని ఫ్లాంజ్ అంటారట. మధ్యలో గొట్టం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పుంటే అది సైజు. పంపుతో పాటు వచ్చింది ఇరవై నాలుగు. నొప్పి అంటే బిగుతైనట్టేనమ్మా, ఇరవై ఏడు తీసుకోండి అన్నాడు షాపతను. సబబే అనిపించింది. వెనక ముగ్గురు మగవాళ్లు నిలబడ్డారు. ఇంకేమీ అడగలేకపోయాను.

ఫిబ్రవరి 13, గురువారం

పెద్దదానితో ఇంకా ఘోరం. చుట్టూ ఉన్న నల్లటి చర్మమంతా గొట్టంలోకి లాక్కుపోతోంది. తీశాక వాచి, ఎర్రగా కమిలిపోతోంది. పాలు మాత్రం సీసా అడుగున. రొమ్ము గట్టిగా రాయిలా అలాగే ఉండిపోతోంది.

అమ్మకి ఫోన్ చేశాను. ఆడదానిగా పుట్టాక ఓర్చుకోవాలి కదే అంది. నేను ఏడుస్తానేమోనని చూసినట్టుంది. నేను ఏడవలేదు. పాప బరువు చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఫిబ్రవరి 14

పంపు మానేస్తాను. రాసి చూసుకుంటే ఎలా ఉంటుందోనని రాశాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఒక ముసలాయన పళ్లసెట్టు మళ్లీ వెనక్కి వచ్చింది. చిగుళ్లు పుండు పడ్డాయట. అలవాటు పడమని చెప్పండి అన్నాడు ఓనర్. ఆయన అటు వెళ్లాక పెద్దాయన తల ఎత్తకుండానే, నొప్పి అంటున్న మనిషికి అలవాటు పడమనడం ఏమిటి, కొలత మనది తప్పు అన్నారు. పోయినసారే వదులు చేశాం కదండీ అన్నాను. అందుకేనమ్మాయ్ అన్నారు. బిగుతుగా ఉంటేనే ఒరుస్తుందనుకోకు, వదులుగా ఉంటే కదిలి కదిలి ఒరుస్తుంది.

నా చేతిలో మైనం గట్టిపడిపోయింది.

మధ్యాహ్నం పళ్లు కొలిచే నా కాలిపర్‌ని స్పిరిట్‌తో తుడిచి గదిలోకి తీసుకెళ్లాను. పంపు పెట్టకముందే కొలవాలని ఫోన్‌లో చదివాను. నల్లటి చర్మం కాదు, మొన ఒక్కటే, దాని మొదట్లో. ఎడమది పదిహేను మిల్లీమీటర్లు. కుడిది పదిహేడు. రెండూ ఒకటే సైజు కావని కూడా నాకు తెలియదు. గొట్టం అంతకంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువుంటే చాలట. ఇరవై ఏడు మాట దేవుడెరుగు, ఇరవై నాలుగే నాకు లోటా అంత.

ముక్కూమొహం తెలియని వాళ్ల పళ్లు వెంట్రుకవాసి తేడా లేకుండా కొలుస్తాను. నన్ను నేను కొలుచుకోవడం తోచలేదు. చిన్న సైజులు షాపులో లేవు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను.

ఫిబ్రవరి 24, సోమవారం

వచ్చాయి. ఎడమకి పదిహేడు, కుడికి పంతొమ్మిది. మొన సరిగ్గా మధ్యలో ఉంది. గోడలకి రాసుకోకుండా ముందుకీ వెనక్కీ కదులుతోంది. చర్మం లోపలికి రావడం లేదు. చిట్లిన చోట కాస్త చురుక్కుమంది, అంతే. పంపు జోరు కూడా తగ్గించాను. పాలు ధారగా వచ్చాయి.

సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ నొప్పి లేకపోయేసరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఇన్నాళ్లూ ఆ గదిలో నొప్పితోనే కాపురం. ఇవాళ తలెత్తి చుట్టూ చూశాను. బస్తాలు, బల్లల మీద ఎవరెవరివో దవడల అచ్చులు. అందరూ నోళ్లు తెరుచుకుని ఉన్నారు, ఒక్కరూ మాట్లాడరు. అప్పుడు ఏడిచాను.

ఫిబ్రవరి 27

పంపు త్వరగా అయిపోయింది. తలుపు తీస్తే ట్రిమ్మర్ తిరుగుతోంది. దాని ముందు పెద్దాయన, చేతిలో అచ్చు లేదు. ఊరికే నిలబడి ఉన్నారు.

నా పంపు చప్పుడు ఇబ్బందిగా ఉందా అండీ అని అడిగేశాను. ఆయన తడబడ్డారు. అబ్బే అన్నారు. మొదటి రోజు కౌంటర్ దగ్గర కూర్చున్న వాళ్లు ఆ చప్పుడు విని మొహమొహాలు చూసుకుని నవ్వారట. ఆ నవ్వులు నీకు వినిపిస్తే బాగుండదని, అన్నారు. మెషిన్ ఆపి, బల్ల దగ్గరికి వెళ్లి బ్రష్ పట్టుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి.

నా మీద చిరాకు పడుతున్నారనుకుని ఇన్నాళ్లూ ఆయనకి గుడ్ మార్నింగ్ కూడా చెప్పలేదు.

మార్చి 6, గురువారం

ట్రిమ్మర్ వద్దన్నాను. నవ్వేవాళ్లని నవ్వనీయండి అన్నాను. ఇప్పుడు గడియ పెట్టను. తలుపు ఓరగా వేసి, దాని వెనక స్టూలు లాక్కుని కూర్చుంటాను. ఆయన బల్ల దగ్గర్నుంచే మాట్లాడతారు. నేనూ కనపడను, ఆయనా కనపడరు. తెల్లటి పన్ను ఎవరికీ ఉండదట, తెల్లగా చేసిస్తే అతికించినట్టు ఉంటుందట. నేను ఊఁ కొడుతూ ఉంటాను. పాప పళ్లు రేపు వంకరగా వస్తాయేమో అన్నాను ఇవాళ. వస్తే మనం లేమా అన్నారు.

మార్చి 15, శనివారం

బరువు సరిపోయింది. ఇరవై ఎనిమిదిన ఆపరేషన్.

సాయంత్రం గరాట్లు కడుగుతుంటే అత్తయ్య ఒకటి చేతిలోకి తీసుకుని దీపం వైపు పెట్టి చూసింది. ఇంత చిన్నదా, దీంతో నొప్పి లేదా అంది. లేదన్నాను. మీ ఆయన పుట్టినప్పుడు నాకు నెత్తురు కారిందే అంది. ఎవరికైనా చెప్పారా అత్తయ్యా అన్నాను. ఎవరికి చెప్తాం అంది. గరాటుని బట్ట మీద బోర్లించి పెట్టి వెళ్లింది. రాత్రి పాలు పట్టేటప్పుడు రొమ్ముకి అందించమని అనలేదు.

మార్చి 28

ఆపరేషన్ థియేటర్ బయట. పాపకి తెల్లవారుజాము నుంచి ఏమీ పట్టకూడదన్నారు. లోపల పాప ఉంది, నా దగ్గర పాలు ఉన్నాయి. మా ఆయన లీవు పెట్టి పక్కన కూర్చున్నాడు. పంపు పెట్టుకోవడానికి ఖాళీ గది ఏదీ లేకపోతే, లేచి, నా వైపు వీపు పెట్టి దుప్పటి రెండు చేతులతో పరిచి పట్టుకున్నాడు. పంపు అయ్యేదాకా దించలేదు.

ఏప్రిల్ 9

కుట్లు వేసిన పెదవితో ఇవాళ పాప నవ్వింది. పాత నవ్వు కాదు. చెవుల దాకా పరుచుకునే ఆ నవ్వు ఇంక రాదు. ఎవరో కొత్తమ్మాయి. కొత్తవాళ్లలా ఒకరినొకరం చాలాసేపు చూసుకున్నాం.