పైపోర్షన్ తాళం నేనే ఇచ్చినాను

పాపా సుజాతా,

నువ్వు కట్టించిన పైపోర్షన్‌లోకి ఈ పొద్దు మనుషులు చేరినారు. నువ్వు కన్నుమూసి ఏడాదైంది. ఇన్నాళ్లూ ఆ మెట్లెక్కేకి నాకు మనసు రాలేదు.

"అడిగినోళ్లకంతా తలుపు తీస్తావు. ముందు గేటుకాడే నిలబెట్టి మాట్లాడుమా. కాపురం చేసేవోళ్లు నీళ్ల సంగతే అడుగుతారు, చూడు" అని అరుస్తా ఉంటివే. అట్లే చేసినాను.

పోయిన వారం కారులో ఒకాయన వచ్చినాడు. "ఫ్యామిలీనే అమ్మా, నలుగురం" అన్నాడు. తాళం కొంగులోనే పెట్టుకుని, "ఇంకేమన్నా అడగాల్నా నాయనా?" అన్నాను.

"గదికి ఎన్ని మంచాలు పడతాయి?" అన్నాడు.

నీళ్ల మాట లేదు, వంటింటి మాట లేదు. నాకు అర్థమైపోయింది. మన తిరుచానూరుకు వచ్చే యాత్రికులకి దినానికింతని గదులిచ్చే రకం.

"లాడ్జీ పెట్టాలంటే వేరే యాడన్నా చూసుకో. ఇది కాపురముండే ఇల్లు" అన్నాను.

"ఇల్లు చూపీకుండానే పొమ్మంటావా?"

"చూపీను!"

నా గొంతు అచ్చం నీ గొంతు మాదిరే ఉన్నింది పాపా! ఎదురింటి మునెమ్మక్క అయితే, "ఏమే, కూతురు దిగొచ్చిందా?" అని చప్పట్లు కొట్టింది.

మర్నాడు ఒక చిన్నపిల్ల మొగుడితో వచ్చింది. గేటుకాడ నిలబడి, "నీళ్లు ఎప్పుడొస్తాయి పెద్దమ్మా?" అంది. నేనే ముందు మెట్లెక్కి తలుపు తీసినాను.

ఈ పొద్దు పాలు పొంగించినారు. ఇప్పుడే కుక్కర్ కూసింది. నాదే అనుకుని స్టవ్ కట్టేసేకి లేచినాను.

పైన కూసింది పాపా.

మీ అమ్మ